తెల్ల ఫిల్ము, పసుపు చీర

1983లో నన్ను కర్నూలు నుంచి తిరుపతికి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్, శాఖ రేడియాలజీ. ఆ పేరు జనానికి నోరు తిరగదు కాబట్టి మమ్మల్ని ఎక్స్‌రే డాక్టర్లు అనేవాళ్లు. సాటి డాక్టర్లు కొందరైతే ఫొటో డాక్టర్లని ఎగతాళి చేసేవాళ్లు. నేను ఊరుకునేదాన్ని కాదు. "ఫొటో మేమే తీశాం సరే, అందులో ఏముందో మీరు చెప్పండి చూద్దాం" అని ఎదురు తగిలేదాన్ని. ముక్కు మీద కోపం నాకు అప్పుడూ ఉండేది, రిటైరైనా పోలేదు.

నేను చేరడానికి రెండు మూడేళ్ల ముందే మా శాఖకు రొమ్ము ఎక్స్‌రే యంత్రం వచ్చింది. ఎముకల ఫొటోకి వాడే కిరణాలు దీనికి పనికిరావు. మెత్తటి కండలో తేడాలు పట్టాలంటే కిరణాలు కూడా మెత్తగా ఉండాలి. రొమ్మును ఒక పలక మీద ఆనించి, పైనుంచి ఇంకో పలకతో అదిమి తీస్తాం. ఈ పని మగ టెక్నీషియన్‌తో చేయిస్తే ఒక్క ఆడమనిషి కూడా మళ్లీ ఆ గడప తొక్కదు. అందుకని నేనే తీసేదాన్ని, తోడుగా ఆయా నాంచారమ్మ ఉండేది. "సిగ్గుపడబాకమ్మా, నేనూ నీ మాదిరి ఆడదాన్నే. ఒక్క నిమిసం ఓర్సుకో, జున్నుముక్క మాదిరి నొక్కుతారు, అంతే" అని ఆమె చెబుతుంటే భయపడుతూ వచ్చినవాళ్లు కూడా నవ్వేవాళ్లు.

ఆ ఫిల్ము చదవడం గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. రొమ్ములో కొవ్వు ఎక్కువగా ఉంటే ఫిల్ము నల్లగా వస్తుంది. పాల గ్రంథులు, వాటిని పట్టి ఉంచే నార ఎక్కువగా ఉంటే తెల్లగా వస్తుంది. వయసు పెరిగే కొద్దీ చాలామందిలో తెలుపు తగ్గి నలుపు పెరుగుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. నల్లటి ఫిల్ములో అయితే అది చీకట్లో దీపంలా కనబడిపోతుంది. అంతా తెల్లగా ఉన్న ఫిల్ములో మాత్రం సున్నం కొట్టిన గోడ మీద సున్నపు చుక్కను వెతికినట్టే. రొమ్ము పెద్దదా చిన్నదా, చేతికి గట్టిగా తగులుతుందా లేదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. ఫిల్ము తీస్తే తప్ప తెలియదు. తెలుపు ఎక్కువగా ఉండడమే ఒక ప్రమాద సూచన అని అప్పటికే కొందరు పత్రికల్లో రాస్తున్నారు, కొందరు కొట్టిపారేస్తున్నారు. మా ప్రొఫెసరు గారు కొట్టిపారేసే పక్షం.

విద్యార్థులకు చూపించడానికి శాఖలో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులోని ఫిల్ముల మీద పేర్లుండవు. పేరున్న మూల కత్తిరించి పెట్టేవాళ్లం. 'నార్మల్' అన్న అరలో ఒక ఎడమ రొమ్ము ఫిల్ము ఉండేది. మొత్తం తెలుపు. ప్రొఫెసరు గారే ఏరి పెట్టారు దాన్ని. "వయసులో ఉన్న ఆరోగ్యవంతురాలి ఫిల్ము ఇలా ఉంటుంది" అని చూపించేవారు, ఆయన తర్వాత నేనూ అదే చూపించేదాన్ని. వారం వారం చూసి చూసి అది నాకు ఇంట్లోవాళ్ల ముఖంలా గుర్తుండిపోయింది. చనుమొన దగ్గర మొదలై రెండుగా చీలే తెల్లటి తీగ, దాని కింద బియ్యపు గింజల్లాంటి నల్లటి ఖాళీలు, చంక వైపు ఒక నల్లమచ్చ. కళ్లు మూసుకుని గీయమన్నా గీసేదాన్ని.

మరుసటి ఏడు ఎండాకాలంలో సర్జరీ ఓపీ నుంచి సరోజ అనే ఆమెను పంపారు. ముప్పై నాలుగేళ్లుంటాయి, పుత్తూరులో అత్తవారిల్లు. వెంట తండ్రి మునిరత్నం వచ్చాడు. నగరిలో మగ్గం పని. సర్జరీ వాళ్ల చీటీలో 'ఎడమ రొమ్ములో బరువు, గడ్డ చేతికి తగల్లేదు' అని ఉంది. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే ఇంటికి పంపేయడం, ఆర్నెల్ల తర్వాత రమ్మనడం వాళ్ల పద్ధతి. గడ్డా లేక, ఫిల్ములో మచ్చా లేక ఏ సర్జను కత్తి పట్టుకుంటాడు?

నేను మామూలుగా అడిగే ప్రశ్నలు అడిగాను. పెద్దమనిషి ఎప్పుడైంది, మొదటి కాన్పు ఏ వయసులో అని. పెళ్లయిన చాలా ఏళ్లకు, ముప్పై దాటాక ఒక ఆడపిల్ల పుట్టిందట. కాన్పు ఆలస్యం కావడం కూడా ఈ జబ్బుకు ఒక సూచనే కాబట్టి మనసులో పెట్టుకున్నాను. తల్లి ఎలా ఉందంటే రాయిలా ఉందంది. "మీ ఇంట్లో ఎవరైనా రొమ్ము జబ్బుతో చనిపోయారా?" అన్నాను. తలుపు అవతల నిలబడ్డ మునిరత్నమే జవాబు చెప్పాడు.

"లేదమ్మా. మా ఇంట్లో రోగంతో సచ్చినోళ్లు ఎవురూ లేరు."

ఆ మాటలో ఒక గర్వం వినిపించింది నాకు.

సరోజ కొత్త నేత చీర కట్టుకుని ఉంది. పసుపు నీళ్లలో ముంచిన నూలు చీర, ఎర్రంచు. దాన్ని తీసి పక్కన పెట్టమని నాంచారమ్మకు పురమాయిస్తే ఆమె చేయి చాచి మళ్లీ వెనక్కు తీసుకుంది. తర్వాత చీర కొంగు కళ్లకద్దుకుని, గోడ మేకుకు కాకుండా తన భుజం మీద వేసుకుని నిలబడింది. అదేం చాదస్తమో అనుకుని నా పని నేను చూసుకున్నాను.

డార్క్‌రూములో పనిచేసే అబ్బాయి భోజనానికి పోయి ఉన్నాడు. నేనే ఫిల్ము కడిగాను. బయట మిట్టమధ్యాహ్నం, లోపల ఎర్రదీపం తప్ప మరేమీ లేదు. డెవలపర్ తొట్టిలో ముంచిన ఫిల్ము కిరణాలు తగిలినంత మేర నల్లబడాలి. చుట్టూ నల్లబడింది, మధ్యలో మాత్రం రొమ్ము ఆకారం అలాగే తెల్లగా ఉండిపోయింది. ఇంకాసేపు ఉంచాను. నల్లబడలేదు. అందులోనే ఒక తీగ లాంటిది తేలి, రెండుగా చీలింది.

ఫిక్సర్లో ముంచి, నీళ్లలో జాడించి, తడి ఫిల్మునే తెచ్చి లైటు పెట్టె మీద పెట్టాను. బియ్యపు గింజల్లాంటి ఖాళీలు. చంక వైపు నల్లమచ్చ. అది మా చెక్కపెట్టెలోని ఫిల్ము!

ఒళ్లు మండిపోయింది. ఎవడో పాత ఫిల్మును యంత్రంలో ఫిల్ము ఉంచే క్యాసెట్‌లో పెట్టి నాతో పరాచికాలాడుతున్నాడని కేకలేస్తూ పెట్టె దగ్గరకు పోయాను. పాత ఫిల్ము దాని అరలో అది ఉంది, పొడిగా. నా చేతిలో ఉన్న దానినుంచి నీళ్లు కారుతున్నాయి. రెండింటినీ పక్కపక్కన లైటు పెట్టె మీద పెట్టి చూశాను. కత్తిరించిన మూల సంగతి వదిలేస్తే, ఏది ఏదో ఆ తడిని బట్టే తెలుస్తోంది. సైన్సు చదివినదాన్ని, దయ్యాలంటే నవ్వేదాన్ని, అబద్ధం చెప్పను, భయమేసింది నాకు.

కొత్త డబ్బా విప్పి, ఫిల్ము నా చేత్తో క్యాసెట్‌లో పెట్టి, మళ్లీ తీశాను. మళ్లీ అదే వచ్చింది.

ఇంత పోలిక తోబుట్టువుల్లోనే ఉంటుందనిపించి, బయటికొచ్చి సరోజను ఒక్కటే అడిగాను. "నీకొక అక్క ఉందా?"

ఆమె ముఖం పాలిపోయింది. తండ్రి వైపు చూసింది. మునిరత్నం రెండు చేతులూ జోడించాడు, నాకు కాదు, నా చేతిలో ఉన్న ఫిల్ముకు.

"మా కాంత సంగతి నీకెవురు సెప్పినారు తల్లీ?"

వెనకనుంచి నాంచారమ్మ అందుకుంది. "నేను సెప్పలేదమ్మా, ఒట్టు. ఆ కాంతమ్మకు ఫొటో తీసినప్పుడు ఈడ నేనే పట్టుకొనుంటి. ఈమె లోపలికి వస్తానే నాకు గుండె ఆగినంత పనైంది. పోయినామె మళ్లీ వచ్చిందేమిరా సామీ అనుకుంటి. ఆ సీర సూస్తానే మొక్కు సీరని తెలిసిపొయింది."

కాంతమ్మ చనిపోయి ఏడాది దాటిందట. దేంతో అంటే, రొమ్ము పుండైపోయి. నాకు కోపం నషాళానికంటింది. "ఇందాక అడిగితే ఎవరూ లేరన్నావే! పిల్ల ప్రాణం మీదికొస్తే కూడా దాస్తావా?" అని అరిచాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"రోగంతో సచ్చినోళ్లు ఉండారా అని అడిగితివి. నా బిడ్డ రోగంతో సావలేదమ్మా. పసుపు కుంకాలతో పొయింది. పేరంటాలైంది."

మా వైపు తెలియనివాళ్లు తక్కువే అయినా చెబుతాను. భర్త బతికుండగా చనిపోయిన ఆడమనిషిని పేరంటాలు అంటారు. ఆమెను చచ్చిపోయిందనరు, ఇంటి దేవత కిందే లెక్క. ఏటా కొత్త చీర, పసుపు, కుంకుమ పెట్టి మొక్కుకుని, ఆ చీరను ఇంటి ఆడబిడ్డ చేత కట్టిస్తారు. మునిరత్నం ఇంట్లో కాంతమ్మ ఒక్కతే కాదు, ఆయన ఇద్దరక్కలు కూడా పేరంటాండ్లే. ముగ్గురూ నలభై దాటకుండానే పోయారు. ఏటా ఆ చీర ఆయనే స్వయంగా నేస్తాడు. కోడళ్లకు పెట్టరు. ఆ ఇంట పుట్టిన ఆడదే కట్టాలి.

"సీర కట్టినామెకు వాళ్లే బొట్టు పెడతారమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఎడమపక్క, గుండెకాడ. ఎర్రగా, ఆవగింజంత. మా పెద్దక్క పొయినాక సిన్నక్కకు వచ్చింది. సిన్నక్క పొయినాక కాంతకు వచ్చింది. ఈసారి ఈ బిడ్డకు పెట్టినారు. బొట్టు వచ్చినోళ్లు ఇంక ఎక్కువ దినాలు ఉండరు."

సరోజను లోపలికి తీసుకుపోయి తలుపు వేశాను. రవిక లోపలివైపు చూపించమన్నాను. చూపించింది. చనుమొన తగిలే చోట ఎర్రటి చుక్క, ఎండి గోధుమరంగుకు తిరిగింది. దాని పక్కన ఇంకా తడిగా ఇంకొకటి.

"సర్జరీ డాక్టరుకు చెప్పావా ఇది?"

"బయట సెప్పకూడదంట." రవిక సర్దుకుని మళ్లీ అంది. "మొదుట్లో ఆ సీరకే వచ్చిందమ్మా. ఇప్పేసి వేరే సీర కట్టి, వేరే రయికె వేసుకుంటి. దానికీ వచ్చింది. సీర లేకుండా బొట్టు యాడ నుంచి వస్తాదమ్మా? ఇంట్లో అందరూ బొట్టు అంటాండారు. నాకు మాత్రం నెత్తురు మాదిరే ఉండాది."

చనుమొన నుంచి రక్తం రావడం ఏ పుస్తకం మొదటి పేజీ చదివినవాడైనా వదలకూడని గుర్తు. సర్జరీ వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. ఇంట్లో మూడు చావులున్నాయని నాకూ చెప్పలేదు. మిగిలింది ఫిల్ము. అదేమో తెల్లటి గోడ. ఈ మూడూ కలిస్తే ఆమె నేరుగా పుత్తూరు బస్సెక్కేది. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

రెండు ఫిల్ములూ తీసుకుని ప్రొఫెసరు గారి గదికి పోయాను. ఆయన పని రాక్షసుడు, మాటా అంతే. కొత్త ఫిల్ము చూసి, గడ్డ లేదని రాసి పంపమన్నారు. గడ్డ లేదని కాదు, ఈ ఫిల్ములో ఉన్నా కనబడదని రాస్తానన్నాను. "నాకు కనబడలేదు అని రాయడానికి ప్రభుత్వం నీకు జీతమెందుకివ్వాలమ్మా? దానికి కళ్లు లేనివాణ్ణి పెట్టుకుంటే సరిపోతుంది" అన్నారు. అప్పుడు రెండో ఫిల్ము దాని పక్కన పెట్టాను. రెండుసార్లెందుకు తీశావని విసుక్కున్నారు. "ఇది మన పెట్టెలోది సార్. నార్మల్ అరలోది" అన్నాను.

ఆయన ముందుకు వంగి చూశారు. ఆ ఫిల్ము ఏరినవారు కాబట్టి మనిషిని మర్చిపోలేదు. నగరి నుంచి వచ్చిన ఆమె, కాంతమ్మ, అన్నారు. ఏమైందని అడిగారు. చెప్పాను. లేచి లైటు పెట్టె ఆపేశారు. గది మసకబడిపోయింది. ఆయన ముఖం నాకు కనబడలేదు. "రాయి" అన్నారు, "నువ్వన్నట్టే రాయి. కింద నేనూ సంతకం పెడతాను."

సర్జరీ వాళ్లు రక్తం సంగతి వినగానే ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. అడ్డం పడింది మునిరత్నమే. బొట్టు పెట్టిన చోట కత్తి పెడితే ఇల్లు నిలవదన్నాడు. వరండా బల్ల మీద ఆయన పక్కనే కూర్చున్నాను. ఇది చీరలో వచ్చేది కాదు, రక్తంలో వచ్చేదని చెప్పాను. అక్కలకు, కూతురికి వచ్చిందంటే ఈ ఇంటి రక్తంలోనే ఉందని, నీ భార్య వైపు నుంచి కాక నీ వైపు నుంచి వచ్చిందని చెప్పాను. అందరూ తల్లి సంగతే అడుగుతారు, నేనూ ముందు అదే అడిగాను. తండ్రి చెల్లెళ్లు, అక్కలు కూడా లెక్కలోకి వస్తారు.

"మరి కోడండ్లకు ఏంటికి రాలేదు?" అన్నాడు. "వాళ్లు సీర కట్టలేదు గాబట్టే గదమ్మా?"

"వాళ్లు నీ రక్తం కాదు కాబట్టి."

ఆయన లెక్కలో ఒక్క మనిషి కూడా తప్పిపోలేదు. నా లెక్కలోనూ తప్పిపోలేదు. రెండు లెక్కలూ అవే చావుల మీద నిలబడి ఉన్నాయి.

"అయితే నా వల్లనేనా?" అన్నాడు చివరకు.

నీ తప్పు కాదన్నాను. నీ ముక్కు నీ బిడ్డకు వచ్చినట్టే ఇదీ వచ్చింది, నువ్వు చేసింది కాదన్నాను. అప్పటిదాకా గోడకానుకుని వింటున్న సరోజ వచ్చి తండ్రి ముందు కింద కూర్చుంది.

"నాయనా, అక్కకు నువ్వు మొక్కుకో. అత్తలకు మొక్కుకో. నాకు మొక్కే పని పెట్టుకోబాక. నాకు పసిబిడ్డ ఉండాది. నేను పేరంటాలు కాను నాయనా, నేను బతకాల."

మునిరత్నం పైగుడ్డతో ముఖం కప్పుకుని గట్టిగా ఏడ్చాడు. ఏడుపు ఆగాక లేచి, సంతకం యాడ పెట్టాలో చూపించమన్నాడు.

ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరే. తెల్లటి ఆ కండ నడుమ చింతగింజంత గడ్డ ఉంది. ఇంకా చంక గ్రంథులకు పాకలేదు. రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఫిల్మును ఎన్నిసార్లు, ఎంత వెలుగులో పెట్టి చూసినా ఆ గడ్డ చోటు నాకు దొరకలేదు. ఎక్కడుందో తెలిసి కూడా చూడలేకపోయాను.

మరుసటి ఏడు మునిరత్నం మా శాఖకు వచ్చాడు. సరోజ బాగుందని, బిడ్డను బడిలో వేసిందని చెప్పాడు. పోబోయి ఆగి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూశాడు. "ఈసారి సీర సిన్నకోడలికి కట్టించినానమ్మా. దినామూ దాని రయికె సూస్తానే ఉంటి. ఏమీ రాలేదు." ఆ మాటలో ఊరట ఎంతో, భయమూ అంతే ఉంది. సరోజ కూతురు పెద్దయ్యాక ఏం చెయ్యాలని అడిగాడు. చీర కట్టినా కట్టకపోయినా ఫరవాలేదు, వయసు రాగానే ఆస్పత్రికి మాత్రం పంపమన్నాను.

అక్కాచెల్లెళ్ల ఫిల్ములు ఒకే తీరుగా రావచ్చని, ఆ తెలుపు కూడా ముక్కూ ముఖంలా ఇంట్లో దిగి వస్తుందని తర్వాత్తర్వాత చదివాను. తెలుపు ఎక్కువైతే ప్రమాదమూ ఎక్కువన్నది కూడా ఇప్పుడు ఎవరూ కొట్టిపారేయరు. కానీ అచ్చు గుద్దినట్టు అంతగా ఎలా కలిశాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పను.

ఆ ఉదంతం తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. మొత్తం తెల్లగా ఉన్న ఫిల్ము మీద 'ఏమీ లేదు' అని మళ్లీ ఎప్పుడూ రాయలేదు, 'ఇందులో కనబడదు, వేరే పరీక్ష చేయండి' అని రాశాను. ఇంట్లో ఎవరైనా ఈ జబ్బుతో పోయారా అని అడగడం మానేశాను. మీ ఇంట్లో పేరంటాండ్లు ఎవరు, అమ్మ వైపు ఎవరు, నాయన వైపు ఎవరు అని అడిగేదాన్ని. లేరు లేరు అన్నవాళ్లు అప్పుడు వేళ్లు మడవడం మొదలుపెట్టేవాళ్లు.

కాంతమ్మ ఫిల్మును నార్మల్ అర నుంచి తీసి, సరోజ ఫిల్ముకూ పేరున్న మూల కత్తిరించి, రెండింటినీ వేరే అరలో పక్కపక్కన పెట్టాను. రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతి విద్యార్థినీ పిలిచి, ఇద్దరిలో బతికున్నామె ఎవరో చెప్పమనేదాన్ని. ఒకరు కుడిదనేవారు, ఒకరు ఎడమదనేవారు. సరైన జవాబు ఏదని నన్ను అడిగేవారు. ఆ తడి ఆరిపోయాక నాకు కూడా తెలియదని చెప్పేదాన్ని.